విద్యార్థి రికార్డును తొలగించే బటన్: ఏ జాగ్రత్తలతో పెట్టాలి?

కృష్ణాతీరం

మా ఊరి ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కార్యాలయ పనితో పాటు ఫీజుల అప్లికేషన్‌ను కూడా నేనే చూసుకుంటాను. అది పీహెచ్‌పీ భాషలో రాసినది, డేటా మైఎస్‌క్యూఎల్ 5.7 అనే డేటాబేస్‌లో ఉంటుంది. సర్వర్ అంటే కార్యాలయంలో ఒక మూలనున్న కంప్యూటరే. సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేసి, ఉదయం వచ్చి మళ్లీ వేస్తాము. విద్యార్థులు, రసీదులు, హాజరు అనే మూడు టేబుళ్లు ముఖ్యమైనవి. చేర్చడం, సవరించడం మూడేళ్లుగా సాఫీగానే సాగుతున్నాయి గాని, తొలగించే సదుపాయం ఇప్పటివరకు లేదు. అడ్మిషన్ల హడావుడిలో ఒకే విద్యార్థిని ఇద్దరు గుమాస్తాలు రెండుసార్లు నమోదు చేసినప్పుడల్లా నాకు కబురు వస్తుంది. నేను డేటాబేస్‌ను నేరుగా చూపే పీహెచ్‌పీ మైఅడ్మిన్ తెరిచి ఆ వరుసను చేత్తో తీసేస్తుంటాను.

గత నెల అలా ఒకటి తీసేసిన తర్వాత నెలవారీ హాజరు పట్టికలో పేరు లేని వరుసలు ప్రత్యక్షమయ్యాయి. "ఈ పేరులేని పిల్లవాడు ఎవరయ్యా?" అని ప్రిన్సిపాల్ గారు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. అందుకని ఈసారి పద్ధతిగా చేద్దామని, జాబితాలో ప్రతి పేరు పక్కన "తొలగించు" అనే లింకు పెట్టాను. నొక్కితే "నిజంగా తొలగించాలా?" అని జావాస్క్రిప్ట్ పెట్టె అడుగుతుంది. సరే అంటే ఆ విద్యార్థి రికార్డు నంబరు, అంటే ఐడీ, డిలీట్ పేజీకి వెళుతుంది. ఆ పేజీ ఐడీని డేటాబేస్‌కు ఇచ్చే డిలీట్ వాక్యం చివర అతికించి నడిపి, తిరిగి జాబితాను చూపిస్తుంది. పరీక్షించినంతవరకు పని చేస్తోంది. అమలులో పెట్టే ముందు పెద్దలు చూసి లోపాలు చెప్పగలరని మనవి.

పాత ప్రోగ్రామర్

అమలులో పెట్టే ముందే అడిగి మంచి పని చేశారు. మొట్టమొదట ఆ లింకును తీసేయండి. లింకు నొక్కితే బ్రౌజర్ సర్వర్‌కు పంపేది గెట్ అనే రకం అభ్యర్థన, గెట్ అంటే చూడటానికే తప్ప మార్చడానికి కాదని వెబ్‌కు ఆధారమైన హెచ్‌టీటీపీ ప్రమాణం మొదటి నుంచీ చెబుతోంది. ఇది పుస్తకాల్లోని మాట మాత్రమే కాదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే ఉపకరణాన్ని విడుదల చేసింది. పేజీలు త్వరగా తెరుచుకోవడానికి, మీరు చూస్తున్న పేజీలోని లింకులను మీరు నొక్కకముందే అది వెనుక నుంచి తెరిచి సిద్ధంగా ఉంచేది. లాగిన్ అయి ఉన్న వాడుకరి బ్రౌజర్ తరఫునే అడిగేది కాబట్టి సర్వర్‌కు తేడా తెలిసేది కాదు. మీలాగే "తొలగించు" లింకులు పెట్టుకున్న వెబ్ అప్లికేషన్లలో రికార్డులు వాటంతట అవే మాయమయ్యాయి. జావాస్క్రిప్ట్ పెట్టె అక్కడ కూడా కాపాడలేదు, ఎందుకంటే లింకులను ముందుగా తెచ్చుకునే యంత్రం ఆ పెట్టెను చూడనే చూడదు. ఇప్పుడా ఉపకరణం లేదు గాని, మూసిన ట్యాబును తిరిగి తెరిచినప్పుడు బ్రౌజర్ అదే గెట్‌ను మళ్లీ పంపడం ఈనాటికీ ఉంది.

కనుక ఒక చిన్న ఫారమ్ పెట్టి, మార్పులకు వాడే పోస్ట్ పద్ధతిలో పంపండి. హెచ్‌టీటీపీలో డిలీట్ అనే పద్ధతి విడిగా ఉంది గాని హెచ్‌టీఎంఎల్ ఫారమ్‌లు గెట్, పోస్ట్ మాత్రమే పంపగలవు. మీ అవసరానికి పోస్ట్ చాలు. ఆ ఫారమ్‌లో ప్రతి లాగిన్ సెషన్‌కూ వేరుగా ఉండే ఒక రహస్య టోకెన్‌ను, అంటే గుర్తును, దాచి, సర్వర్‌లో సరిచూడండి. లేకపోతే మీ గుమాస్తా మరో ట్యాబులో తెరిచిన ఏదో పనికిమాలిన పేజీ, ఆయన పేరు మీదనే మీ సర్వర్‌కు తొలగింపు ఆజ్ఞ పంపగలదు.

రెండవది ఇంతకంటే పెద్దది. ఐడీని వాక్యానికి అతికిస్తున్నానన్నారు. పేజీ చిరునామాలో ఐడీ 412 అని ఉన్నచోట ఎవరైనా "412 ఆర్ 1=1" (ఆర్ అంటే "లేదా") అని రాసి పంపితే మీ వాక్యం ఇలా తయారవుతుంది: డిలీట్ ఫ్రమ్ విద్యార్థులు వేర్ ఐడీ = 412 ఆర్ 1=1. ఒకటి ఒకటికి ఎప్పుడూ సమానమే కనుక టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. ప్రమాదకరమైన గుర్తులను నిర్వీర్యం చేసే ఎస్కేప్ ఫంక్షన్ వాడుతున్నానని ధీమాగా ఉండవద్దు. అది కొటేషన్ గుర్తులను చూసుకుంటుంది, ఇక్కడ కొటేషన్ గుర్తే లేదు. పీహెచ్‌పీలోని పీడీఓ సదుపాయంతో వాక్యాన్ని ముందే ప్రిపేర్ చేసి, ఐడీ స్థానంలో ప్రశ్నార్థకం ఉంచి, విలువను విడిగా పంపండి.

కొత్త బ్యాచ్

పాత ప్రోగ్రామర్ గారు చెప్పినవన్నీ సరే. పేరులేని హాజరు వరుసల సమస్యకు మాత్రం తేలిక మార్గం ఉంది కదా. ఒక టేబుల్‌లోని ఐడీ మరో టేబుల్‌లో తప్పక ఉండాలనే ఫారిన్ కీ నియమం పెట్టి, ఆన్ డిలీట్ కాస్కేడ్ అంటే విద్యార్థి పోగానే రసీదులు, హాజరు అన్నీ వాటంతట అవే పోతాయి. మా ప్రాజెక్టులో అలాగే చేశాము.

డేటా కాపరి

కొత్త బ్యాచ్ గారూ, మీ ప్రాజెక్టులో రసీదులు ఉన్నాయా? డబ్బు పుచ్చుకున్నట్టు కళాశాల ఇచ్చిన రుజువు "వాటంతట అవే" పోవడం ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆలోచించండి. కాస్కేడ్ చెడ్డదని అనడం లేదు. హాజరు వరుసకు విద్యార్థి లేనిదే అర్థం లేదు, దానికి కాస్కేడ్ పెట్టవచ్చు. రసీదుకు మాత్రం రిస్ట్రిక్ట్ ఉండాలి: ఒక్క రసీదు ఉన్నా సరే, ఆ విద్యార్థిని తొలగించడానికి డేటాబేసే ఒప్పుకోకూడదు. ఇంకొక మెలిక ఏమిటంటే, మైఎస్‌క్యూఎల్‌లో కాస్కేడ్ ద్వారా పోయే వరుసలకు ట్రిగ్గర్లు (మార్పు జరగగానే వాటంతట అవే నడిచే ఆజ్ఞలు) పని చేయవు. పోయిన వాటి నకలును ట్రిగ్గర్ ద్వారా లాగ్ టేబుల్‌లో దాస్తున్నామని నమ్ముకున్నవారు ఇక్కడే దెబ్బ తింటారు.

కృష్ణాతీరం గారూ, ముందుగా మీ టేబుళ్లు ఏ ఇంజిన్ (డేటాను దాచే పద్ధతి) మీద ఉన్నాయో షో క్రియేట్ టేబుల్ ఆజ్ఞ ఇచ్చి చూడండి. మైఐసామ్ అనే పాత ఇంజిన్ మీద ఉంటే, ఫారిన్ కీ రాసినా ఏ ఫిర్యాదూ లేకుండా పట్టించుకోకుండా వదిలేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ఇన్నోడీబీ అనే ఇంజినే డిఫాల్ట్ అయినా, పాత డంపుల (డేటాబేస్ నకలు ఫైళ్ల) నుంచి తెచ్చుకున్న టేబుళ్లు పాత ఇంజిన్‌తోనే వస్తాయి.

అసలు భయం వేరే ఉంది. మీరు 5.7 వాడుతున్నారు, పైగా రోజూ సాయంత్రం సర్వర్ ఆపుతున్నారు. 8.0 కంటే ముందు ఇన్నోడీబీ కొత్త వరుసకు తర్వాతి ఐడీని ఇచ్చే ఆటో ఇంక్రిమెంట్ లెక్కను మెమరీలో మాత్రమే ఉంచుకునేది. సర్వర్‌ను తిరిగి వేసినప్పుడు టేబుల్‌లోని అతి పెద్ద ఐడీని చూసి, దానికి ఒకటి కలిపి మొదలుపెట్టేది. ఇప్పుడు ఇలా ఊహించండి. చివరగా చేరిన విద్యార్థి ఐడీ 1804. పొరపాటు నమోదని మీరు దాన్ని తీసేశారు. హాజరు వరుసలు మిగిలిపోయాయి. సాయంత్రం కంప్యూటర్ ఆపారు. మర్నాడు స్పాట్ అడ్మిషన్‌లో చేరిన అమ్మాయికి కూడా 1804 వస్తుంది. పాత వరుసలన్నీ ఆ అమ్మాయి ఖాతాలో చేరిపోతాయి. అప్పుడు పట్టికలో పేరులేని వరుస కనిపించదు, పేరు ఉంటుంది, అది తప్పు పేరు. ప్రిన్సిపాల్ గారు అడిగిన ప్రశ్న మీ అదృష్టమనుకోండి. కనిపించని తప్పు గురించి ఎవరూ అడగరు.

పద్దుల పుస్తకం

నేను ప్రోగ్రామర్‌ను కాను, కళాశాలలకు, ట్రస్టులకు లెక్కలు రాసేవాడిని. ఒక సంగతి చెప్పి తప్పుకుంటాను. అచ్చు రసీదు పుస్తకంలో గుమాస్తా తప్పు రాస్తే ఏం చేస్తాడు? ఆ కాగితం చింపి పారేయడు. కార్బన్ కింది నకలుతో సహా అడ్డంగా గీత గీసి, "రద్దు" అని రాసి, చిన్న సంతకం పెట్టి, అసలు కాగితాన్ని కూడా పుస్తకంలోనే గుచ్చి ఉంచుతాడు. ఆడిటర్ వచ్చినప్పుడు 1 నుంచి 100 వరకు అన్ని నంబర్లూ లెక్కకు రావాలి. 57వ నంబరు లేకపోతే ఆయన మిగతా తొంభై తొమ్మిదింటినీ అనుమానంగానే చూస్తాడు. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ నియమం మారలేదు. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో చూపే చిట్టా ఉండాలని, దానిని ఆపే వీలు ఉండకూడదని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులో ఉంది. మీది సొసైటీయో ట్రస్టో అయి ఉంటుంది కాబట్టి ఆ నిబంధన నేరుగా వర్తించకపోవచ్చు. అయితే పన్ను మినహాయింపు పొందే సంస్థలు పద్దు పుస్తకాలను సంబంధిత మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుంచి 10 ఏళ్లు భద్రపరచాలని, 2022లో ఆదాయపన్ను నియమాలలో చేర్చిన 17ఏఏ అనే నియమం చెప్పింది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు నేను చెప్పాలా? పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోయిన తర్వాత సొమ్ము జమ అయినప్పుడు, ఎవరెవరు ముందే చెల్లించారో తేల్చడానికి ఆ పాత రసీదులే ఆధారం.

కృష్ణాతీరం

పద్దుల పుస్తకం గారి మాటతో కళ్లు తెరుచుకున్నాయి. మూడు టేబుళ్లలో హాజరు ఒక్కటే మైఐసామ్ మీద ఉంది. పాత డంపు నుంచి తెచ్చినదే. రేపే మారుస్తాను.

అయితే అసలు డిలీట్ చేయకుండా, తొలగించిన తేదీ అనే కాలమ్ ఒకటి పెట్టి, ఆ తేదీ ఉన్నవారిని జాబితాలో చూపకుండా ఉంటే సరిపోతుందనుకున్నాను. నిన్న ప్రయత్నించాను. హాల్ టికెట్ నంబరుకు, అదే నంబరు రెండుసార్లు రాకూడదనే యూనిక్ కీ ఉండటం వల్ల, దాచిన విద్యార్థిని మళ్లీ చేర్చబోతే "ఈ నంబరు ఇదివరకే ఉంది" అని ఆగిపోతోంది. గుమాస్తాకు జాబితాలో ఎవరూ కనిపించరు, కంప్యూటరేమో ఉన్నారంటుంది. నంబరునూ తొలగించిన తేదీనీ కలిపి యూనిక్ చేస్తే సరిపోతుందా?

డేటా కాపరి

సరిపోదు, పైగా ఉన్న రక్షణ కూడా పోతుంది. తొలగించని వారికి ఆ తేదీ నల్‌గా, అంటే ఖాళీగా, ఉంటుంది. యూనిక్ కీ దృష్టిలో ఒక నల్ మరొక నల్‌తో సమానం కాదు. కనుక ఒకే హాల్ టికెట్‌తో పది మంది బతికి ఉన్న విద్యార్థులు చేరిపోయినా అడ్డు చెప్పదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో అయితే "తొలగించిన తేదీ నల్ అయిన వరుసలకు మాత్రమే" అని షరతు పెట్టి యూనిక్ ఇండెక్స్ వేసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సదుపాయం లేదు గాని, అదే నల్ స్వభావాన్ని తిరగేసి వాడుకోవచ్చు: తొలగించని వరుసకు 1, తొలగించిన వరుసకు నల్ వచ్చేలా ఒక జెనరేటెడ్ కాలమ్ (మరో కాలమ్ నుంచి తనంతట తాను లెక్కించుకునేది) పెట్టి, హాల్ టికెట్‌తో కలిపి యూనిక్ చేయండి. 5.7లో ఇది పనిచేస్తుంది.

అది సాంకేతిక సమాధానం. నా అభిప్రాయం అడిగితే, మీకు ఆ తేదీ కాలమ్ అసలు అక్కరలేదు. మీ కార్యాలయం "తొలగించు" అంటున్నది ఒకే పనిని కాదు. టీసీ తీసుకున్న పిల్లవాడిని తొలగించనక్కరలేదు, అతని స్థితి "టీసీ ఇచ్చాము" అని మారాలి, తేదీ పడాలి. తప్పు రసీదుకు "రద్దు" అనే స్థితి, కారణం, రద్దు చేసినవారి పేరు ఉండాలి. రెండుసార్లు నమోదైన విద్యార్థి విషయంలో జరగవలసింది విలీనం. ఒకే పిల్లవాడి మొదటి విడత ఫీజు ఒక రికార్డు కింద, రెండవ విడత ఇంకొక రికార్డు కింద పడి ఉంటుంది. మీరు ఇన్నాళ్లూ చేత్తో తీసేసినప్పుడు ఎవరి రసీదులు ఎటు పోయాయో గాని, ఇకపై రెండింటినీ పక్కపక్కన చూపించే పేజీ పెట్టి, రసీదులనూ హాజరునూ సరైన ఐడీకి మార్చి, ఖాళీ అయిన రికార్డును ఆ తర్వాత తీసేయండి. నిజమైన డిలీట్ అవసరమయ్యేది అక్కడ ఒక్కచోటనే.

ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ లేకపోతే ఏదీ కాదన్నట్టు, జరగాలి. తొలగించబోయే విద్యార్థి వరుసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ముందే పట్టి ఉంచండి. ఫారిన్ కీ ఉంటే, మీ పని ముగిసేదాకా మరో కౌంటర్‌లోని గుమాస్తా ఆ ఐడీ మీద కొత్త రసీదు కోయలేడు. ఆఖరున డిలీట్ వాక్యం ఎన్ని వరుసలను తాకిందో చూడండి. సరిగ్గా ఒకటి అయితే కమిట్ (ఖాయం చేయడం), సున్నా అయినా రెండైనా రోల్‌బ్యాక్ (అంతా వెనక్కి తీసుకోవడం). ఫొటో ఫైలును మాత్రం కమిట్ తర్వాతే చెరపండి, డిస్కు మీది ఫైలుకు రోల్‌బ్యాక్ తెలియదు.

పాత ప్రోగ్రామర్

డేటా కాపరి గారితో ఏకీభవిస్తున్నాను. ఆ విలీనం పేజీని ఎవరు తెరవగలరన్నది కూడా తేల్చుకోండి. గుమాస్తాకు బటన్ కనపడకుండా దాచడం రక్షణ కాదు. లాగిన్ అయిన ఎవరైనా అదే ఫారమ్‌ను వేరే ఐడీతో తయారు చేసి పంపగలరు. సర్వర్ ప్రతిసారీ "ఈ మనిషికి ఈ రికార్డు మీద ఈ హక్కు ఉందా?" అని అడగాలి. వెబ్ భద్రత మీద పనిచేసే ఓడబ్ల్యూఏఎస్‌పీ సంస్థ 2021లో ఇచ్చిన లోపాల జాబితాలో అన్నిటికంటే పైనున్నది ఈ లోపమే. మరో మెట్టు కిందికి వెళ్లి, అప్లికేషన్ వాడే మైఎస్‌క్యూఎల్ ఖాతాకు రసీదుల టేబుల్ మీద డిలీట్ హక్కే ఇవ్వకండి. అప్పుడు మీ పీహెచ్‌పీలో ఎంత పెద్ద తప్పున్నా రసీదు మాత్రం పోదు.

"నిజంగా తొలగించాలా?" అనే పెట్టె గురించి ఒక మాట. రోజుకు నలభై సార్లు ఆ పెట్టెను చూసే మనిషి దానిని చదవడు, చెయ్యే సరే అనేస్తుంది. దాని బదులు ఒక పూర్తి పేజీ చూపండి: విద్యార్థి పేరు, తండ్రి పేరు, గ్రూపు, చేరిన తేదీ, ఫొటో, "దీనితో పాటు 14 హాజరు వరుసలు పోతాయి, రసీదులు లేవు" అనే లెక్క. బటన్ మీద "సరే" అని కాకుండా "ఈ రికార్డును తొలగించు" అని రాయండి. ఒకే తరగతిలో ఇంటిపేరు, పేరు రెండూ కలిసినవాళ్లు ఇద్దరుండటం మన దగ్గర వింతేమీ కాదు. అక్కడ గుమాస్తాను కాపాడేది తండ్రి పేరూ ఫొటోయే.

హక్కుల గోడు

అందరూ దాచడం గురించే మాట్లాడుతున్నారు. రికార్డు ఎవరి గురించో ఆ మనిషి కూడా అడగవచ్చు కదా? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్ సవరణతో పాటు చెరిపివేతను కూడా హక్కుగా ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ఏ చట్టమైనా భద్రపరచమంటే ఆ మేరకు ఉంచుకోవచ్చు, కాబట్టి రసీదుల విషయంలో పద్దుల పుస్తకం గారితో పేచీ లేదు. కానీ పదేళ్ల కిందట టీసీ తీసుకున్న అమ్మాయి ఫొటో, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు మీ కార్యాలయపు మూల కంప్యూటర్‌లో ఎందుకు ఉండాలి?

డేటా కాపరి

న్యాయమైన ప్రశ్న. పద్దుకు కావలసిన పేరు, రసీదు నంబరు, మొత్తం, తేదీ ఉంచి, మిగతా కాలమ్‌లను నిర్ణీత గడువు తర్వాత నల్ చేసే పనిని విడిగా పెట్టుకోవాలి. రసీదు ఇచ్చేటప్పుడే పేరును రసీదు వరుసలో కూడా రాసి ఉంచితే, విద్యార్థి వరుసలో ఏమి చెరిపినా రసీదు తనంతట తాను నిలబడుతుంది. అచ్చు రసీదు మీద ఉండేదీ అంతే కదా.

బ్యాకప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రాములను భద్రపరిచే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరొక సర్వర్‌లో, అంటే అసలు డేటాబేస్ ఉన్న చోటనే, డైరెక్టరీని చెరిపేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. అంతకంటే నేర్చుకోవలసింది తర్వాత జరిగినది: రోజూ తీస్తున్నామనుకున్న డంపులు, వెర్షన్ కుదరక విఫలమవుతూ ఉన్నాయి, ఆ వైఫల్యాన్ని తెలిపే మెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు, వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (డేటా యథాతథ నకలు) వాళ్లను ఒడ్డున పడేసింది. కనుక మీ డంపును నెలకొకసారి వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, రసీదుల మొత్తం సరిపోయిందో లేదో చూడండి.

ఇకమీదట కూడా చేత్తో తీయవలసి వస్తే, మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌ను సేఫ్ అప్‌డేట్స్ ఐచ్ఛికంతో తెరవండి. వేర్ షరతు లేని డిలీట్‌ను అది నడపదు. ఆ ఐచ్ఛికానికి "ఐ యామ్ ఎ డమ్మీ" అనే మారుపేరు కూడా వాళ్లే పెట్టారు. నేను ఇరవై ఏళ్లుగా ఆ పేరుతోనే వాడుతున్నాను, సిగ్గేమీ లేదు.

కృష్ణాతీరం

పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. హాజరు టేబుల్‌ను ఇన్నోడీబీకి మార్చాను. ఫారిన్ కీ పెట్టబోతే ఒప్పుకోలేదు. రెండు టేబుళ్లను పోల్చి చూపే లెఫ్ట్ జాయిన్‌తో వెతికితే యజమాని లేని హాజరు వరుసలు 37 దొరికాయి. వాటిని వేరే టేబుల్‌లోకి మార్చాక కీ పడింది. రసీదులకు రిస్ట్రిక్ట్, హాజరుకు కాస్కేడ్ పెట్టాను. లింకు పోయింది, దాని స్థానంలో విలీనం పేజీ వచ్చింది, అది సూపరింటెండెంట్ గారి లాగిన్‌కు మాత్రమే తెరుచుకుంటుంది.

పాత ఐడీ మళ్లీ వస్తుందని డేటా కాపరి గారు చెప్పిన సంగతి నిద్ర పట్టనివ్వలేదు. లెఫ్ట్ జాయిన్ అలాంటి వరుసలను పట్టదు కదా, ఎందుకంటే ఆ ఐడీతో విద్యార్థి ఉన్నాడు. అందుకని చేరిన తేదీ కంటే ముందు తేదీతో హాజరు ఎవరికైనా ఉందేమో వెతికాను. ఒకే ఒక్క అమ్మాయి తేలింది. సెప్టెంబరులో చేరింది, ఆగస్టులో 11 రోజులు గైర్హాజరు అయినట్టు ఉంది. హాజరు శాతం తగ్గిందని ఆ అమ్మాయి తండ్రి చేత సంతకం కూడా పెట్టించుకున్నాము. ఆ వరుసలను నేరుగా తీసేయాలా, ఇంకేమైనా చేయాలా?

డేటా కాపరి

తీసేయకండి. ఆ 11 వరుసలను కూడా 37 ఉన్న టేబుల్‌లోకే మార్చండి. ఎందుకు మార్చారో, ఎవరు మార్చారో, ఏ తేదీన మార్చారో పక్కన రాయండి. శాతాన్ని మళ్లీ లెక్క కట్టి, ఆ తండ్రిని పిలిచి కొత్త కాగితం ఇవ్వండి. సంతకం ఉన్న పాత కాగితాన్ని చింపవద్దు, "రద్దు" అని రాసి దస్త్రంలోనే ఉంచండి. అదే ఐడీకి రసీదులు కూడా ఉన్నాయేమో ఇదే తేదీ లెక్కతో ఈ రోజే చూడండి.

కృష్ణాతీరం

చూశాను. రసీదులు లేవు. తండ్రికి ఫోన్ చేశాము, సోమవారం వస్తున్నారు.